మెషిన్ పెట్టె పలకలు లార్చ్ అంటున్నరు, దర్వాజకు పనికొస్తదా?

మిర్యాలగూడ రైతు:
అందరికీ నమస్తే. మా బావ పనిచేసే రైస్‌మిల్లుకు జర్మనీ నుంచి మెషిన్ వచ్చింది, దాని పెట్టె పలకలు ఓనర్ సార్ మాకే ఇచ్చిండు, మంచి మందం, ఒక్కోటి ఆరు ఫీట్లు. ఫిట్టింగ్‌కు వచ్చినాయన ఇది లార్చ్ కట్టె అన్నడట. రంద కొడ్తే లోపల ఎర్రగ గీతలు గీతలున్నయ్, ముడులు శానా, బ్లేడుకు బంక పడ్తుంది. కొత్త రూముకు దర్వాజ చేపిద్దామనుకుంటున్న, టేకు రేటు మన చేతికి అందుతలేదు. చెదలు పడ్తదా? వడ్లాయన ఐతారం వస్తనన్నడు.

మాజీ జవాన్, అచ్చంపేట:
తమ్మీ, డ్యూటీల ఉన్నప్పుడు సిక్కింల ఈ జాతి చెట్లు చూసిన. దేవదారు లెక్క సూది ఆకులే గాని చలికాలం ముందు ఆకంత పసుపుపచ్చగై రాలిపోతది, ఎండిపోయింది పాపం అనుకున్న, ఎండలు రాంగనే మళ్ల లేత ఆకు పెట్టింది. కట్టె గట్టిది. వెనిస్ నగరం పునాదులల్ల గూడ లార్చ్ మొద్దులు దింపిన్రు, వందల ఏండ్లైనా ఉన్నయ్. ధైర్యంగ పెట్టుకో.

దేవరకొండ సామిల్లు:
సార్ చెప్పిన వెనిస్ ముచ్చట నిజమే, కానీ ఆ మొద్దులు బురదల నీళ్ల కింద ఉంటయ్, గాలి తగల్దు కాబట్టి నిలిచినయ్. మన ఎర్రనేల వేరే, లార్చ్ చెదలకు ఆగదు. దర్వాజ కింది కొస నేలకు తగిలే ఉంటది, కడిగినప్పుడల్ల తడి, చెద అక్కడ్నుంచే ఎక్కుతది. అన్నా, దర్వాజ వేపదో నల్లమద్దిదో చేపించు, పలకలతోని అల్మారా, బల్లలు చేస్కో, మస్తుగుంటయ్.

ముందు పలక మీద గోధుమ కంకి ముద్ర వెతుకు. పక్కన హెచ్‌టి అని ఉంటే పురుగు చావనీకి 56 డిగ్రీల వేడిల అరగంట పెట్టిన కట్టె, ఇంట్ల వాడొచ్చు, అట్లని రేపు చెద పట్టదని కాదు. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది, అది ఇంట్లకు తేవొద్దు. మొలలు నేరుగ కొడ్తే చీలుతది, డ్రిల్లు వేసి స్టెయిన్‌లెస్ స్క్రూలు ఎక్కించు, మామూలు ఇనుముకు తడి తగిలితే చుట్టూ నల్ల మరక పడ్తది.

మిర్యాలగూడ రైతు:
చూసినన్నా, హెచ్‌టి అనే ఉంది. గోరుతోని గిచ్చితే లేత గీతల దిగుతుంది, ఎర్ర గీతల దిగుతలేదు. పోయినేడు గాలిదుమారానికి పడ్డ వేప మొద్దు బావి కాడ ఎండుతుంది, రేపే ట్రాక్టర్ల వేసి కోతకు తీస్కపోత. పలకలు అమ్మకు చూపిస్తే వాసన బాగుందని రెండు అప్పుడే వంటింట్ల పెట్టించుకుంది.