ఏడాదిన్నర పాపను సైకిల్ మీద తీసుకుపోవాలంటే ఏ సీటు మంచిది?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది తిరుపతి, యూనివర్సిటీ పక్కనే ఇల్లు. రోజూ పొద్దున్నే అలిపిరి నుంచి జూ పార్కు రోడ్డు పట్టుకుని కాసేపు సైకిల్ తొక్కి వస్తాను. పాపకు 18 నెలలు, బరువు 10 కిలోలు. నేను బయల్దేరితే చాలు గేటు పట్టుకుని ఏడుస్తుంది, దాన్నీ తీసుకుపోవాలని ఉంది. హ్యాండిల్ వెనక బిగించే ముందు సీటు కొనాలా, క్యారియర్ మీద పెట్టే సీటా, సైకిల్ వెనక తగిలించే ట్రాలీయా? మా అత్తమ్మ చున్నీతో వీపుకు కట్టుకుని పొమ్మంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ చున్నీ మాట మానుకోండి. మీరు పడితే పాప మీతో పాటే పడుతుంది, కొస జారి చక్రంలో చుట్టుకుంటే ఆపడానికి కూడా వీలుండదు.

నేను ఇద్దరు పిల్లల్ని ఇలాగే తిప్పాను. మీ పాప వయసుకు ముందు సీటు బాగుంటుంది. పాప మీ చేతుల మధ్యే ఉంటుంది, నిద్రపోతే వెంటనే తెలుస్తుంది. ఈ సీట్లు ఎక్కువగా 15 కిలోల వరకే. తొక్కేటప్పుడు మోకాళ్లు తగులుతాయి కాబట్టి కొనేముందు మీ సైకిల్‌కే పెట్టించి ఒకసారి తొక్కి చూడండి. వెనక సీటు మామూలుగా 22 కిలోల దాకా మోస్తుంది, ఎక్కువ రోజులు పనికొస్తుంది. అయితే క్యారియర్ మీద ఎన్ని కిలోలని అచ్చు వేసి ఉంటుంది, అది చూడండి. పాప బరువొక్కటే కాదు, సీటు బరువూ కలపాలి.

వెనక సీటైతే కాళ్ల జాగ్రత్త చాలా ముఖ్యం. మా పెద్దోడి మడమ ఒకసారి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. సీటు బిగించినాయన కాళ్లకు అడ్డం పెట్టలేదు, నేనూ చూసుకోలేదు. తోలు ఊడి వచ్చింది, మానడానికి నెల పట్టింది. కాళ్లు పెట్టే గూడు, దానికి పట్టీ, పక్కన చక్రం కనిపించకుండా జాలీ లేకపోతే ఆ సీటు తీసుకోవద్దు.

ట్రాలీ యూనివర్సిటీ లోపల చెట్ల కింద రోడ్లకు సరే. బస్సులు తిరిగే రోడ్డు మీద మాత్రం అంత కిందున్న బండి డ్రైవర్ కంటికి ఆనదు.

ఇంకో మాట. స్టాండ్ వేసి పాపను సీట్లో వదిలి రెండు నిమిషాలు కూడా పక్కకు పోవద్దు. సైడ్ స్టాండ్ అయితే బిడ్డ ఊగితే చాలు, పడిపోతుంది.

మరో సభ్యురాలు: హెల్మెట్ గురించి నేను చెప్తా. కనుబొమ్మల పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకుని, ఆ సెంటీమీటర్ల ప్రకారం కొనండి. పెట్టాక కనుబొమ్మలకు పైన రెండు వేళ్ల జాగా ఉండాలి, గడ్డం పట్టీలో ఒక వేలు పట్టాలి. కొండ మీద మా బాబుకు గుండు చేయించి వచ్చాక అదే హెల్మెట్ గిరగిరా తిరిగింది. హెల్మెట్ వెనకున్న తిప్పే చక్రం బిగించాకే సరిపోయింది. ఎండాకాలం ఇంకోటి గమనించండి: సీటు పట్టీ ఇనుప బకిల్ ఎండలో ఉంటే తొడ కాలుతుంది. కూర్చోబెట్టేముందు చేత్తో తాకి చూడండి. ఆరింటికి బయల్దేరి ఏడున్నరకు ఇంట్లో పడడమే మేలు.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ముందు సీటే చూస్తాను. మా ఆయన పాపను స్కూటర్ ముందు నిలబెట్టుకుని తిరుచానూరు పోతుంటాడు. అది పర్వాలేదా?

జవాబు: వద్దమ్మా. బ్రేకు గట్టిగా వేస్తే పాప మొహం నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది, ఆడుతూ యాక్సిలరేటర్ తిప్పేసినా తిప్పేస్తుంది. కేంద్రం 2022 ఫిబ్రవరిలో తెచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకుపోతే బిడ్డను నడిపేవాళ్లకు కలిపి కట్టే హార్నెస్, బిడ్డ తలకు హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. హార్నెస్ అంటే బిడ్డ తొడుక్కునే చొక్కాలాంటిది, దాని పట్టీలు పెద్దవాళ్ల భుజాల మీదుగా వస్తాయి. 30 కిలోల వరకు ఆపే గట్టి నైలాన్‌దై ఉండాలి. పాపకు సైకిల్‌కని కొనే హెల్మెట్ మీద ఈఎన్ 1080 (చిన్నపిల్లల హెల్మెట్లకు యూరప్ ప్రమాణం) అని ఉందేమో చూడండి, ఆ రకం స్కూటర్ మీదా చెల్లుతుంది.

ప్రశ్న అడిగినవారు: సరేనన్నా. ఈ ఆదివారం టేపు పట్టుకుని కూర్చుంటాను, పాప కదలకుండా ఉంటే!