బాపు ఐసియు నుంచి ఇంటికొచ్చాడు, రాత్రుళ్లు భయపడుతున్నాడు. ఏం చేయాలి?

హన్మకొండ బిడ్డ:
మా బాపుకు 61 ఏళ్లు. న్యుమోనియాతో 19 రోజులు ఐసియులో ఉన్నాడు, అందులో 11 రోజులు వెంటిలేటర్ మీదే. ఇంటికి తెచ్చి ఎనిమిది రోజులైంది. డిశ్చార్జ్ అయితే గండం గట్టెక్కినట్టే అనుకున్నాం. ఇప్పుడు మంచం మీద నుంచి లేపాలంటే ఇద్దరం పట్టాలి. రాత్రి రెండింటికి లేచి "నా చేతులు కట్టేశారు, ఎక్కడికో తీసుకుపోతున్నారు" అంటాడు. ఇన్వర్టర్ బీప్‌మంటే ఉలిక్కిపడి అమ్మ చెయ్యి పట్టుకుంటాడు. మతి తప్పిందా అని చుట్టాలు గుసగుసలాడుతున్నారు. ఇలా చూసుకున్నవాళ్లుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పరకాల అక్క:
చెల్లె, మా ఆయన ఇంటికొచ్చినప్పుడు చెంచా కూడా పట్టలేకపోయాడు. ముందు మంచం సంగతి చూడు. అలవాటని మేం నులక మంచమే వేశాం. అది కుంగుతుంది, నడుం లోపలికి దిగిపోతుంది, కాళ్లలో బలం లేని మనిషి అందులోంచి లేవలేడు. పాదాలు నేలకు ఆనే చెక్క మంచం వేశాకే అంచున కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటి వారం పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు, అంతే. తర్వాత కుర్చీ, తర్వాత వాకర్‌తో గడప దాకా. భద్రకాళి బండ్ మీద నడిచేసరికి ఆరు నెలలు పట్టింది. మధ్యలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, మళ్లీ వచ్చింది. చుట్టాలను మాత్రం గుంపుగా రానివ్వకు.

కాజీపేట సిస్టర్:
నేను ఐసియు నర్సును. అది పిచ్చి కాదమ్మా. పెద్ద జబ్బు, మత్తు మందులు, పగలూ రాత్రీ ఒకేలా ఉండే లైట్లు, వీటితో మెదడు గందరగోళపడుతుంది. డెలీరియం అంటాం. చేతులు కట్టారన్నది ఉత్త భ్రమ కాకపోవచ్చు కూడా. గొట్టం పీకేసుకోకుండా కొన్నిచోట్ల మెత్తటి పట్టీతో కడతారు. "అదేం లేదు" అని కొట్టిపారేయకండి, ఎందుకు కట్టి ఉంటారో నెమ్మదిగా చెప్పండి. కళ్లద్దాలు పెట్టండి, ఎదురుగా గడియారం, క్యాలెండర్ ఉంచండి.

ఇంటికొచ్చాక మిగిలే నీరసం, మతిమరుపు, భయం అన్నిటికీ కలిపి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారు. బద్ధకమని మాత్రం అనకండి. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఐసియు రోగుల తొడ ముందు కండరం పదో రోజుకే సగటున 18 శాతం దాకా తగ్గింది.

నీళ్లు తాగేటప్పుడు దగ్గుతున్నాడా? గొంతులో గొట్టం ఉన్నవాళ్లకు కొన్నాళ్లు మింగడం సరిగా రాకపోవచ్చు. పడుకోబెట్టి జావ పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి తాగించి, అరగంట అలాగే ఉంచండి. దగ్గు వస్తున్నా, జ్వరం, ఆయాసం వచ్చినా, గందరగోళం ఎక్కువైనా డాక్టర్‌కు చూపించండి.

జనగామ తమ్ముడు:
అక్కా, అమ్మ నిద్రపోతోందా? మా నాన్నను చూసుకుంటూ మా అమ్మ తన షుగర్ గోలీలు మరిచిపోయింది. ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. మాకు అప్పటిదాకా సోయి లేదు. రాత్రుళ్లు పంచుకోండి.

హన్మకొండ బిడ్డ (తొమ్మిది రోజుల తర్వాత):
మెడికల్ షాపు బిల్లులన్నీ అమ్మ ఒక కవర్లో దాచింది. వాటి మీద తేదీలు చూసుకుంటూ ఏ రోజు ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాశాం. గొట్టం వేసిన రోజు, తమ్ముడు కరీంనగర్ నుంచి వచ్చిన రోజు, బాపు కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టిన రోజు. సాయంత్రం ఒక్కో పేజీ చదువుతున్నా. నాలుగో రోజు దగ్గర ఆపమని, "ఆ రాత్రి మీ అమ్మ ఎక్కడ పడుకుంది?" అని అడిగాడు. మెట్ల పక్కన చద్దరు పరుచుకుందని చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మను పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

రాత్రుళ్లు ఇంకా లేస్తున్నాడు. "ఇది మన ఇల్లే కదా" అని అడిగి పడుకుంటున్నాడు. తమ్ముడూ నేనూ రోజు మార్చి రోజు కావలి ఉంటున్నాం, అమ్మ వేరే గదిలో పడుకుంటోంది. సిస్టర్, నీళ్లకు దగ్గు వస్తోంది. రేపు పొద్దున్నే చూపిస్తున్నాం.