ఏదు అందామా, ముళ్ళపంది అందామా?

అందరికీ నమస్కారం. మా పాప బొమ్మల పుస్తకం తిరగేస్తూ "నాన్నా, ముళ్ళపంది కూడా పందేనా?" అంది. కాదమ్మా, ఎలుకల జాతి అన్నాను. "మరి పంది అని ఎందుకన్నారు?" అని పట్టుకుంది. రెండు రోజులుగా నాకూ అదే ఆలోచన.

దీనికి పాత తెలుగు మాట ఏదు. తమిళంలో ఎయ్. ద్రావిడ భాషల సొంత మాటే అన్నమాట. దానికి పంది తోడై ఏదుపంది అన్నారు. ఇప్పుడు ఏదును మరిచిపోయాం, పంది మాత్రం మిగిలింది.

నోరు తెరిచి చూస్తే అసలు జాతి తెలిసిపోతుంది. ముందు పైన రెండు, కింద రెండు ఉలుల్లాంటి పళ్ళు, నారింజ రంగులో. వాటి వెనక బోలెడు ఖాళీ, ఆ తర్వాతే నమిలే పళ్ళు. ఎలుకదీ ఉడతదీ ఇదే నోరు. ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూ అరగదీసుకోవాల్సిందే. అడవిలో రాలిపడ్డ దుప్పి కొమ్ముల్ని కూడా వదలదు. ముళ్ళంటారా, అవి గట్టిపడ్డ వెంట్రుకలే.

జన్యువులను బట్టి గీసిన వంశవృక్షంలో ఎలుకలు, కుందేళ్ళు, కోతులు, మనం ఒక పెద్ద కొమ్మ. పందులు, ఆవులు, తిమింగలాలు, పిల్లులు, గబ్బిలాలు ఇంకో కొమ్మ. అంటే ముళ్ళపందికి పంది కన్నా మనమే దగ్గర చుట్టాలం!

జవాబు: బాగుందండీ. మరి చుంచెలుకైనా ఎలుకేనా?

నేను: కొన్నిచోట్ల చిట్టెలుకనే చుంచు అంటారు, అది ఎలుకే. కానీ మూతి సాగి, ఘాటైన వాసనతో గోడవారన కీచుకీచుమంటూ పరిగెత్తే చుంచు వేరు. అది పురుగుల్ని తినేది. దాని పళ్ళ వరసలో ఆ ఖాళీ ఉండదు, అన్నీ సూదిమొనలే. అది పందీ గబ్బిలాల కొమ్మలోది.

జవాబు: ఈ లెక్కన దేవాంగపిల్లి పేరు కూడా మార్చాలి మాష్టారూ, అది కోతుల వైపుది కదా!

నేను: నిజమే, అది పిల్లి కాదు. కానీ దాని గుండ్రటి కళ్ళు చూసి పెట్టి ఉండొచ్చు, ఆ పేరును కొట్టేయమని నేననను. పెద్దవాళ్ళు చూపుకు ఆనినదాన్ని బట్టి పిలిచారు. ఏదు సంగతి వేరు. ఎవరితోనూ లేని చుట్టరికం కలపని మాట మన దగ్గరే ఉంది. పాఠ్యపుస్తకంలో ముళ్ళపంది పక్కన ఆ రెండక్షరాలూ వేయమనే నా కోరిక. మీ ఊళ్ళో ఇంకా ఎవరైనా ఏదు అంటున్నారా? వింటే ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి.