ఇర్సీలో తెలుగు బదులు అడ్డగీతలు. ఎవరైనా చెప్పండి బాబూ

గాజువాక_గుంటడు:
సాయంత్రం నుంచి దీంతోనే కొట్టుకుంటున్నాను. ఇర్సీలో (టెర్మినల్లో నడిచే ఐఆర్‌సీ చాట్ ప్రోగ్రాం) తెలుగు రావట్లేదు. చానెల్లో ఎవరు తెలుగులో రాసినా నాకు వరసగా అడ్డగీతలే, అండర్‌స్కోర్లు. ఇంగ్లీషు బాగానే ఉంది. ఫాంట్లు వేశాను, థీమ్ మార్చాను, టర్మ్_చార్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్ సెట్టింగు) ఏదేదో పెట్టి చూశాను, ఇర్సీ తీసేసి మళ్లీ వేశాను. సర్వర్లో సమస్యేమో అని లిబెరా అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ వదిలి ఇంకో నెట్‌వర్క్‌కీ వెళ్లాను, అక్కడా ఇదే. నా కాన్ఫిగ్ మొత్తం కింద పెడుతున్నాను. ఇందులో తప్పేటి?

(కాన్ఫిగ్ ఫైలు తొలగించబడింది: నిర్వాహకులు)

కంచరపాలెం_రూట్:
లొకేల్. భాష, అక్షరాల సెట్టింగు.

గాజువాక_గుంటడు:
అంటే?

మధురవాడ_వీచాట్:
వీచాట్ వేసుకో తమ్ముడూ, ఇదీ ఐఆర్‌సీ ప్రోగ్రామే. ఈ కాలంలో ఇంకా ఇర్సీ ఏంటి? నిక్ లిస్టు, అంటే చానెల్లో ఉన్నవాళ్ల పేర్లు, పక్కన దానంతటదే వస్తుంది. జాయిన్‌లు, క్విట్‌లు దాచేయడానికి స్మార్ట్ ఫిల్టర్ ఉంది: /ఫిల్టర్ యాడ్ ఐఆర్‌సీ_స్మార్ట్ * ఐఆర్‌సీ_స్మార్ట్_ఫిల్టర్ *. కాసేపటి క్రితం మాట్లాడినవాడు వెళ్లిపోతే చూపిస్తుంది, ఊరికే వచ్చిపోయేవాళ్లని చూపించదు. ఇర్సీలో /ఇగ్నోర్ పెడితే అందరూ మాయం.

సీతమ్మధార_మాస్టారు:
అసలు సంగతి ఎవరూ చూడలేదు. ఆ కుర్రాడు పెట్టిన కాన్ఫిగ్‌లో సాస్ల్ (లాగిన్) పాస్‌వర్డ్ అచ్చంగా అందరికీ కనిపించింది. నిర్వాహకులు తీసేసినా సరే, పోయిందనే అనుకోవాలి. ముందు నిక్‌సర్వ్‌కి (నెట్‌వర్క్‌లో పేర్లు, పాస్‌వర్డులు చూసే సర్వీసు) సెట్ పాస్‌వర్డ్ అని మెసేజ్ పంపి మార్చుకో. ఇర్సీ ఆ పాస్‌వర్డ్‌ని ఏ గుప్తీకరణా లేకుండా మామూలు అక్షరాల్లో రాసిపెడుతుంది. కనీసం ఆ ఫైలుని నువ్వు తప్ప ఎవరూ చదవకుండా సీహెచ్‌మోడ్ 600 చెయ్యి.

ఇంకా మంచి పద్ధతి సర్టిఫికెట్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఒక పెమ్ (సర్టిఫికెట్) ఫైలు చేసుకుని, సర్వర్ యాడ్ చేసేటప్పుడు -టీఎల్‌ఎస్_సర్ట్ అని దాని దారి ఇవ్వాలి. ఒకసారి పాత పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, నిక్‌సర్వ్‌కి సర్ట్ యాడ్ అని పంపాలి. ఆ తర్వాత సాస్ల్ మెకానిజమ్‌ని ప్లెయిన్ నుంచి ఎక్స్‌టర్నల్‌కి మార్చాలి. అప్పుడిక కాన్ఫిగ్‌లో పాస్‌వర్డే ఉండదు. ఈ వరస తప్పితే లాగిన్ కాదు. ముందే ఎక్స్‌టర్నల్ పెట్టేసి తర్వాత అవస్థపడేవాళ్లే ఎక్కువ. గుప్తీకరణ (టీఎల్‌ఎస్) ఉన్న పోర్టు 6697 వాడుతున్నావా, అది లేని 6667 వాడుతున్నావా?

గాజువాక_గుంటడు:
6697. పాస్‌వర్డ్ మార్చాను మాస్టారూ. తెలుగు మాత్రం రాలేదు.

పెందుర్తి_అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పనిది ఒకటుంది. అండర్‌స్కోర్లు ఇర్సీ పెట్టదు. ఇర్సీ తప్పయితే ప్రశ్నార్థకాలు వస్తాయి. ఫాంట్ లేకపోతే చదరపు డబ్బాలు వస్తాయి. అక్షరం స్థానంలో కచ్చితంగా అడ్డగీత పెట్టేది టీమక్స్, అదే మనం బయటికొచ్చినా టెర్మినల్ సెషన్‌ని నడుపుతూ ఉంచేది. నువ్వు ఇర్సీని టీమక్స్‌లో నడుపుతున్నావు కదూ?

గాజువాక_గుంటడు:
అవునక్కా, అందరూ అలాగే కదా నడుపుతారు. అద్దె సర్వర్ ఒకటి ఉంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో దాంట్లోకి వెళ్లి టీమక్స్ అటాచ్ చేస్తాను. ఇంట్లో కరెంటు పోయినా చానెల్లోంచి పడిపోకూడదని. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు.

కంచరపాలెం_రూట్:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది.

పెందుర్తి_అక్క:
సరే. టీమక్స్ లోపల ఎకో 'విశాఖ' కొట్టు. మూడు అడ్డగీతలు వస్తే ఇర్సీకి సంబంధమే లేదు. వి, శా, ఖ టెర్మినల్లో మూడు గళ్లు, అందుకని మూడు గీతలు. తర్వాత కంట్రోల్-బి, డి కొట్టి బయటికొచ్చి అదే మళ్లీ కొట్టు. అక్కడ తెలుగు వస్తే నేననుకున్నదే.

అక్కడే ఎకో $లాంగ్ (భాష సెట్టింగు) కూడా కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు. కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, నువ్వు టైపు చేసేది ఇంగ్లీషులోనే.

గాజువాక_గుంటడు:
లోపల మూడు గీతలు. బయట 'విశాఖ' బాగానే వచ్చింది! లాంగ్ అంటే ఈఎన్_ఐఎన్ అని ఉంది.

పెందుర్తి_అక్క:
అదీ సంగతి. ఉబుంటు వేసేటప్పుడు ఊరు కోల్‌కతా టైమ్‌జోన్‌లో పెడితే, లాంగ్ ఈఎన్_ఐఎన్ అని పడుతుంది, వెనక .యూటీఎఫ్-8 (తెలుగు సహా అన్ని లిపులూ పట్టే ఎన్‌కోడింగ్) తోక లేకుండా. అమెరికా వాళ్లకి ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8 అని తోకతో వస్తుంది, అందుకే బయట ఎక్కడ వెతికినా ఈ ఇబ్బంది సరిగ్గా దొరకదు. గ్లిబ్‌సీకి (లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ వాడే మూల లైబ్రరీ) ఈఎన్_ఐఎన్ అంటేనే యూటీఎఫ్-8, దానికి తోక అక్కర్లేదు. టీమక్స్ మాత్రం అటాచ్ అయ్యేటప్పుడు ఎల్‌సీ_ఆల్, ఎల్‌సీ_సీటైప్, లాంగ్ వరసగా చూస్తుంది. వాటిలో ముందు దొరికినదాంట్లో యూటీఎఫ్-8 అనే మాట ఉందా లేదా, అంతే. మాట లేకపోతే నీ టెర్మినల్‌కి యూటీఎఫ్-8 రాదనుకుని గీతలు పెట్టేస్తుంది.

ల్యాప్‌టాప్‌లోని లాంగ్ సర్వర్‌కెలా వెళ్లిందంటావా, డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వెంట తీసుకెళ్తుంది (సెండ్‌ఎన్వ్ అటు, యాక్సెప్ట్‌ఎన్వ్ ఇటు).

ఇప్పటికి: డిటాచ్ చేసి, టీమక్స్ -యూ అటాచ్ -డి. సెషన్ చంపక్కర్లేదు, ఇది అటాచ్ అయ్యే ప్రతి టెర్మినల్‌కీ విడిగా ఉండే సంగతి.

మధురవాడ_వీచాట్:
వీచాట్‌లో అయితే ఈ గొడవే లేదు.

కంచరపాలెం_రూట్:
టీమక్స్ కింద వీచాట్ కూడా గీతలే చూపిస్తుంది. వినండి ఒకసారి.

గాజువాక_గుంటడు:
అక్కా, ఎకో ఇప్పుడు టీమక్స్ లోపల కూడా బాగుంది. కానీ ఇర్సీలో గీతలు పోయి ప్రశ్నార్థకాలు వచ్చాయి. సర్వర్ రీస్టార్ట్ చెయ్యాలా?

కంచరపాలెం_రూట్:
ఏ సర్వర్?

గాజువాక_గుంటడు:
సర్వర్ అంటే సర్వరే కదా.

కంచరపాలెం_రూట్:
కాదు. నీ పోస్టుల్లో మూడున్నాయి. లిబెరాది ఒకటి, నువ్వు అద్దెకి తీసుకున్న పెట్టె ఒకటి, టీమక్స్ వెనక నడిచే ప్రాసెస్ ఒకటి. దాన్నీ సర్వరనే అంటారు. టీమక్స్ కిల్-సర్వర్ కొడితే ఇర్సీ కూడా పోతుంది.

సీతమ్మధార_మాస్టారు:
ఇర్సీలో కూడా నెట్‌వర్క్ వేరు, సర్వర్ వేరు. /నెట్‌వర్క్ యాడ్‌లో నిక్, సాస్ల్ వివరాలు ఉంటాయి. /సర్వర్ యాడ్‌లో చిరునామా, పోర్టు, టీఎల్‌ఎస్ ఉంటాయి. రెండింటినీ కలిపేది -నెట్ అనే మాట. అది మర్చిపోతే కనెక్ట్ అవుతుంది గానీ సాస్ల్ నడవదు.

మధురవాడ_వీచాట్:
వీచాట్‌లో రెండూ సర్వరే, తికమక లేదు.

సీతమ్మధార_మాస్టారు:
ఒకే నెట్‌వర్క్‌కి రెండు చిరునామాలు పెట్టుకోవాలంటే తెలుస్తుంది నాయనా.

పెందుర్తి_అక్క:
ఆ పంచాయతీ తర్వాత. తమ్ముడూ, ప్రశ్నార్థకాలంటే ఇప్పుడు నిజంగా ఇర్సీ వంతు. అద్దె పెట్టెలో లొకేల్ -ఏ కొట్టి చూడు. అందులో ఈఎన్_ఐఎన్ లేకపోతే, ల్యాప్‌టాప్ పంపిన లాంగ్‌ని అక్కడ ఎవరూ ఎరగరు. ఇర్సీ ఇంగ్లీషు అక్షరాలే పట్టే ఉత్త ఆస్కీలోకి దిగిపోతుంది. ఎకోకి లొకేల్‌తో పనిలేదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది, అందుకే అది బాగుంది. సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లొకేల్స్ కొట్టి ఈఎన్_ఐఎన్ యూటీఎఫ్-8 టిక్ పెట్టి, .బాష్‌ఆర్‌సీలో లాంగ్‌ని తోకతో సహా ఈఎన్_ఐఎన్.యూటీఎఫ్-8 అని ఎక్స్‌పోర్ట్ చెయ్యి. సుడో లేని పెట్టె అయితే సీ.యూటీఎఫ్-8 చాలు, డెబియన్‌లో అది ముందే ఉంటుంది.

తర్వాత ఇర్సీలో /సెట్ టర్మ్_చార్‌సెట్ యూటీఎఫ్-8, /సేవ్. నువ్వు ఏదేదో పెట్టానన్నావు కదా, అది కాన్ఫిగ్‌లో ఉండిపోయి ఉంటే లొకేల్ బాగుపడినా లాభం లేదు. /క్విట్ చేసి, టీమక్స్‌లో కొత్త విండో తెరిచి అందులో ఇర్సీ ఎక్కించు. పాత విండోలోని షెల్‌కి పాత లాంగే తెలుసు.

ఇవన్నీ అయ్యాక కూడా వత్తులు విడిపోయి, 'స్త్రీ' లాంటివి పొల్లుతో కనిపిస్తే అది గ్నోమ్ టెర్మినల్ పని, ఇర్సీని తిట్టకు. కాన్సోల్‌గానీ ఎమ్‌ఎల్‌టెర్మ్‌గానీ వాడి చూడు. లోహిత్, పోతన, వేమన ఏవీ మోనోస్పేస్ కావు కాబట్టి వరసలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కొమ్ము ఉన్న అక్షరాల దగ్గర ఇంకా ఎక్కువ, ఎందుకంటే ు, ూలకి విడిగా ఒక గడి లెక్కేస్తారు, గుడికి లెక్కెయ్యరు.

సీతమ్మధార_మాస్టారు:
ఇంకొకటి. ఐఆర్‌సీలో ఒక వరస 512 బైట్లు దాటకూడదు, చివర వరస ముగించే రెండు బైట్లూ, ముందుండే కమాండూ చానెల్ పేరూ అందులోనే. తెలుగులో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. 'స్త్రీ' రాస్తే పద్దెనిమిది పోయాయి. కాబట్టి ఇంగ్లీషులో ఒక్క వరసలో పట్టేది తెలుగులో మూడు ముక్కలవుతుంది. ఇర్సీ తనే విరుస్తుంది, మాట మధ్యలో విరగకూడదంటే /సెట్ స్ప్లిట్_లైన్_ఆన్_స్పేస్ ఆన్.

మధురవాడ_వీచాట్:
మాస్టారూ, ఇదంతా అతను అడిగాడా?

గాజువాక_గుంటడు:
వచ్చింది. లొకేలే లేదు పెట్టెలో. థాంక్స్ అక్కా.

గంటలు మాత్రం ఐదున్నర వెనక చూపిస్తోంది. ఇంకోటి, ఆల్ట్-2 కొడితే ఇర్సీ విండో మారకుండా టెర్మినల్ ట్యాబ్ మారిపోతోంది.

కంచరపాలెం_రూట్:
టైమ్‌జోన్. టీజెడ్=ఏషియా/కోల్‌కతా పెట్టి ఇర్సీ ఎక్కించు. ఆల్ట్ గ్నోమ్ టెర్మినల్ లాక్కుంటోంది. ఎస్కేప్ నొక్కి వదిలి 2.

గాజువాక_గుంటడు:
11వ విండోకి?

సీతమ్మధార_మాస్టారు:
ఆల్ట్-క్యూ. అక్కడి నుంచి కీబోర్డు వరసలో ఓ దాకా, 19. అసలు అన్ని చానెళ్లు ఎందుకు నాయనా? /లేఅవుట్ సేవ్ చేశావా లేదా?