ఐటీఐ ఫిట్టర్ అయిపోయింది, అప్రెంటిస్ చేయాల్నా ఏఎల్‌పీకి (రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్) చదవాల్నా?

అన్నలూ అక్కలూ, మాది అనంతపురం పక్కన పల్లె, మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ పాసయ్యి ఇంట్లోనే ఉండాడు. పెనుకొండ సైడు కార్ల పార్ట్స్ చేసే కంపెనీలో కాంట్రాక్టు కింద రమ్మంటున్నారు, షిఫ్టు డ్యూటీ, రూమ్ మనమే చూసుకోవాల. మా నాయనేమో రైల్వేలో అప్రెంటిస్ చెయ్యరా, లెవెల్-1 (గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంటాది అంటాడు, కానీ అది గ్యారంటీ ఉద్యోగం కాదు కదా, పరీక్ష మళ్లా రాయాల్సిందే. వానికి మాత్రం ఏఎల్‌పీ మీదే మనసు. సీబీటీ-1లో (కంప్యూటర్ మీద రాసే మొదటి పరీక్ష) 75 ప్రశ్నలకి గంటే టైము, తప్పు పెడితే మూడో వంతు మార్కు కట్, మావానికి ట్రేడ్ సబ్జెక్టు బాగా వస్తాది గానీ లెక్కలంటే దడ (పదో తరగతి నుంచీ అంతే లే). పరీక్ష తెలుగులోనే రాస్తాడు. డ్యూటీకి పోతా చదివి కొట్టినోళ్లు ఎవరైనా ఉండారా? లెక్కలకి కోచింగ్‌లో చేర్చాల్నా, పాత పేపర్లు చేస్తే చాలా?