ప్యానెల్ ఉంది, పిల్లలు చూస్తూ కూర్చుంటున్నారు. మీ బడిలో ఏం చేయిస్తున్నారు?

పీఎస్_మాస్టారు_పల్నాడు
అందరికీ నమస్కారం. మాది జెడ్పీ హైస్కూల్. ఐ.ఎఫ్.పి.లు, అదే ఈ టచ్ తెర ప్యానెళ్లు, వచ్చిన కొత్తలో పిల్లలు ఎగబడ్డారు. ఇప్పుడు వీడియో పెట్టగానే వెనక బెంచీ తల వాల్చేస్తోంది. మొన్న 9వ తరగతికి ధ్వని పాఠం వీడియో 12 నిమిషాలు చూపించి, తరంగదైర్ఘ్యం అంటే ఏంట్రా అని అడిగితే "వీడియోలో చెప్పారు సార్" అన్నాడొకడు. ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. మూడు సంగతులు అడుగుతున్నా. పిల్లల చేత ఏం చేయిస్తున్నారు? కరెంటు పోతే ఎలా? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ వీడియోలు ఎలా ఎక్కుతున్నాయి? ప్యానెల్ మీద పిల్లల చేత రాయించడం నేనింకా మొదలుపెట్టలేదు. గీతలు పడతాయేమోనని.

సోషల్_మేడమ్
మీ భయం న్యాయమైనదే మాస్టారూ. మా దగ్గర ఒకడు కంపాస్ ముల్లుతో గీసేశాడు, జానెడు గీత. ఎవరి పీరియడ్ అంటే నాది. రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నాను. రిపేరు డబ్బు మీ జీతంలోంచే అన్నారు కూడా. అప్పటి నుంచి పెన్నూ రిమోటూ నా బీరువాలోనే. పిల్లల్ని ముట్టుకోనివ్వను.

బయో_టీచర్_గోదావరి
మేడమ్, ముట్టుకోనివ్వకపోతే అది గోడకు తగిలించిన టీవీయే. మా 8వ తరగతిలో ఒక పాప ఉంది. జూన్ నుంచి నా క్లాసులో నోరు విప్పలేదు. హాజరు పిలిచినా చెయ్యి ఎత్తడమే. కణం బొమ్మ పెట్టి, పేర్లు ఒక పక్కన రాసి, ఎవరైనా వచ్చి జరపండి అన్నాను. తనే లేచి వచ్చింది. కేంద్రకం సరిగ్గా పెట్టింది. మైటోకాండ్రియాను కణం బయట వదిలేసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ లోపలికి లాగింది. ఆ ఆగడం చూశాను చూడండి, ఆ రోజుకు నాకది చాలు. బీరువాలో పెన్ను ఉంటే ఆ పాప ఇప్పటికీ అలాగే కూర్చుని ఉండేది.

సోషల్_మేడమ్
వివరణ రాసింది మీరు కాదు, నేను. రెండు నెలలు టెన్షన్ పడ్డాను. పిల్లల మీద ప్రేమ మీ ఒక్కరికే ఉన్నట్టు మాట్లాడకండి.

బయో_టీచర్_గోదావరి
ప్రేమ సంగతి నేనెత్తలేదు. ఒక్కడు చేసిన పనికి మిగతా 40 మందికీ శిక్షా అని అడుగుతున్నా.

గణితం_ఆర్పీ
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. నేను పదేళ్లుగా టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌ని, ఎన్ని రకాల ప్యానెళ్లు విప్పి చూశానో నాకే లెక్కలేదు. క్లాసుల్లో ఉండేవాటిలో చాలావరకు అంచుల్లోంచి వచ్చే పరారుణ కిరణాలతో టచ్‌ను పసిగడతాయి. వేలు చాలు, మొద్దు చేసిన పెన్సిల్ వెనక వైపైనా చాలు. నొక్కాల్సిన పనే లేదు. పిల్లలు నొక్కుతారు కాబట్టే గీతలు. మొదటి రోజే "ఆనించు, నొక్కకు" అని చేయించి చూపించండి, కంపాస్ బాక్సులు బెంచీ మీదే వదిలి రమ్మనండి. దానంతటదే గీతలు గీస్తోందంటే అంచుల్లో సుద్దపొడి చేరిందని అర్థం. పొడిగుడ్డతో తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది.
ఇక లెక్కలకు జియోజిబ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ను మించింది లేదు. త్రిభుజం గీయించి, ఒక శీర్షాన్ని పిల్లవాడి చేతే లాగించండి. కోణాలు మారిపోతుంటాయి, మొత్తం 180 డిగ్రీల దగ్గరే ఉంటుంది. లాగకముందు "పెద్ద త్రిభుజమైతే మొత్తం పెరుగుతుందా?" అని చేతులెత్తించండి. సగం మంది పెరుగుతుందనే అంటారు.

ఒక్క_టీచర్_బడి
మీరంతా ప్యానెళ్ల గురించి మాట్లాడుతున్నారు. మాది ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు, నేను, నా ఫోను. పొద్దున హాజరు ఫొటో, మధ్యాహ్నం భోజనం ఫొటో, సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడక. టెక్నాలజీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నడక. అయినా ఒకటి చేస్తున్నా. 3వ తరగతి పిల్లలు చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తాను. "నేను 'ళ'ను 'ల' అంటున్నా టీచర్" అని వాడే పట్టుకున్నాడు. నేను నెలరోజులు చెప్పినా ఎక్కలేదు.

ఇంగ్లిష్_ఎస్.ఎ.
ఆ ఫొటోల సంగతి కదిపారు కాబట్టి చెప్తున్నా. మా దగ్గర యాప్‌కే మొదటి పీరియడ్ సగం పోతోంది. సర్వర్ కదలదు, బయట పిల్లలు గోల. ఆ 20 నిమిషాలు ఎవరిస్తారు? ముందు దాని గురించి మాట్లాడాలి.

పీఎస్_మాస్టారు_పల్నాడు
యాప్‌లకు వేరే చర్చ పెట్టుకుందాం, దయచేసి.

ఇంగ్లిష్_ఎస్.ఎ.
వేరే ఎందుకండీ? పీరియడే చేతికి రాకపోతే పిల్లల చేత ఏం చేయిస్తాం?

లెక్కల_సార్_నల్గొండ
సార్లూ, పిల్లలకు ఫోన్లు లేకపోయినా జరిగే పని ఒకటి చెప్తా. ప్లికర్స్ అనే యాప్. ఒక్కో పిల్లవాడికి ఒక కాగితం కార్డు, దానికి నాలుగు వైపులా ఎ, బి, సి, డి. తాననుకున్న జవాబు పైకి వచ్చేలా పట్టుకుంటాడు. నేను నా ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒక్కసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. ఏ ఇద్దరి కార్డూ ఒక్కలా ఉండదు, పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ కూడా చూసిన. త్వరగా నొక్కినవాడికి పాయింట్లు ఎక్కువ, నిదానంగా ఆలోచించే పిల్లలు చిన్నబుచ్చుకుంటరు. నాకది నచ్చలే. ఒక జాగ్రత్త: కార్డులకు మెరిసే లామినేషన్ చేయించకండి. వెలుతురు పడి ఫోను చదవదు. నేను 50 కార్డులు చేయించి పారేసిన. అట్టకు అంటించండి.

రిటైర్డ్_హెచ్ఎం
సుద్దముక్కతో 34 ఏళ్లు చెప్పాను. నా పిల్లలు డాక్టర్లయ్యారు. ఇవన్నీ హంగులు.

బయో_టీచర్_గోదావరి
సార్, డాక్టర్లయినవాళ్లు మీకు గుర్తున్నారు. ఆ క్లాసులోనే ఏడో తరగతితో ఆపేసినవాళ్ల సంగతేమిటి? నేనడుగుతున్నది వాళ్ల గురించి.

ల్యాబ్_లేని_ఫిజిక్స్
మాస్టారూ, మీ ధ్వని పాఠానికి వీడియో వద్దు. ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది. రెండు ఫోన్లలో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరిచి, వరండాలో 5 మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోన్ దగ్గర ఒకరు చప్పట్లు కొడితే రెండు టైమర్లూ మొదలవుతాయి. రెండో ఫోన్ దగ్గర ఇంకొకరు కొడితే రెండూ ఆగుతాయి. రెండు టైముల తేడా చూడండి. శబ్దం పోయి వచ్చిన 10 మీటర్లకు పట్టిన కాలం అదే, సెకనులో వందో వంతుకు దాదాపు మూడింతలు. భాగహారం పిల్లలే చేయాలి.
విద్యుత్తుకు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసే ప్రయోగాలు, ముందే దింపుకోండి, నెట్ లేకపోయినా నడుస్తాయి. కొన్నిటికి తెలుగు కూడా ఉంది. శ్రేణిలో రెండు బల్బులు పెట్టి, మీట వేసేముందు ఏది ఎక్కువ వెలుగుతుందో రాయించండి. "మొదటి బల్బు కరెంటు తాగేస్తుంది" అనేవాళ్లు బోలెడంతమంది. మీట వేశాక ఆ మొహాలు చూడాలి.

సోషల్_మేడమ్
ఆర్పీ గారూ, పెన్సిల్ వెనక రబ్బరు ఉన్నదైనా పరవాలేదా?

గణితం_ఆర్పీ
పరవాలేదు మేడమ్. లోహపు పట్టీ బయటికి తేలకుండా చూసుకోండి.

పీఎస్_మాస్టారు_పల్నాడు
వారం తర్వాత వచ్చాను. వరండా ప్రయోగం చేశాం, నా ఫోనూ హిందీ మేడమ్ ఫోనూ. మొదటిసారి సెకనుకు 600 మీటర్లు దాటింది. పక్క క్లాసు చప్పుడుకు ఒక టైమర్ ఆగిపోయినట్టుంది. సాయంత్రం బడి వదిలాక మళ్లీ చేశాం, ఎవర్నీ ఉండమనలేదు, 14 మంది ఉండిపోయారు. తేడా 0.0285 సెకన్లు, అంటే దాదాపు 351. పుస్తకంలో 22 డిగ్రీల దగ్గర 344 అని ఉంది. "మనం తప్పు చేశామా సార్?" అన్నాడు "వీడియోలో చెప్పారు" అన్నవాడే. ఇవాళ ఎండ ఎంత ఉందో చూడరా అన్నాను. మధ్యాహ్నం హిందీ మేడమ్ ఫోన్‌తో మళ్లీ కొలుస్తామంటున్నారు.
నల్గొండ సార్, కార్డులు ఏ సైజులో తీయించారు? మా గది పొడవు 30 అడుగులు.

లెక్కల_సార్_నల్గొండ
ఎ4 కాగితానికి ఒక్కటే పెట్టండి సార్. చిన్నవైతే చివరి బెంచీ వాళ్లవి అందవు.