ఐరోపా దేశాల్లో వేటలో దొరికే పీతలు, రొయ్యలు, గుల్లల విలువను ఎలా పోల్చాలి?

యూరోస్టాట్ (ఈయూ గణాంక సంస్థ) ల్యాండింగ్స్ (రేవులో దించిన సరుకు) పట్టికలోని విలువ (యూరోలు), బరువు (టన్నులు) తీసుకుని ఐర్లండ్, ఫ్రాన్స్, డెన్మార్క్, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో కిలో ధరలు పోల్చాలి. ఈ లెక్కలు చేసినవాళ్లు దయచేసి సాయం చేయండి.

అసలు చిక్కు బరువుతోనే. ల్యాండింగ్స్‌లో ఉండేది రేవులో దించినప్పటి బరువు, క్యాచ్ (పట్టుబడి) పట్టికలో ఉండేది సజీవ బరువు, అంటే పట్టినప్పటి పూర్తి బరువు. నార్వే లాబ్‌స్టర్‌ను (పెద్ద రొయ్యలాంటి జీవి) తోకలుగా దించితే, సజీవ బరువుకు మార్చే ఈయూ గుణకం 3. అందుకే తోకల విలువను సజీవ బరువుతో భాగిస్తే ధర మూడో వంతుకు పడిపోతుంది. మొత్తంగా దించినవీ తోకలూ విడదీసి, అన్నిటినీ సజీవ బరువుకు మార్చడమే సరైనదని నా అభిప్రాయం. మరి నెదర్లాండ్స్ పడవల మీదే ఉడకబెట్టే చిన్న గోధుమరంగు రొయ్యకు మీరు ఏ గుణకం వాడుతున్నారు?

మసెల్స్ (ఒక రకం ఆల్చిప్పలు) సంగతీ తేలాలి. డెన్మార్క్‌లోని లిమ్‌ఫ్యోర్డ్ జలసంధిలో డ్రెడ్జ్‌తో (అడుగును గీకే వలతో) తీసేవి వేటే. నెదర్లాండ్స్‌లో మాత్రం సహజంగా పుట్టిన పిల్లలను పట్టి, వేరే మడుల్లో పరిచి పెంచుతారు. పెరిగినవి పెంపకం లెక్కలోకి వస్తాయి కాబట్టి, ఆ పిల్లలను వేటలోనూ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు కాదా?

స్క్విడ్, ఆక్టోపస్ వదిలేశాను. అవీ మొలస్కులే గానీ, చేరిస్తే స్పెయిన్, పోర్చుగల్ అంకెలు బాగా పెరిగిపోతాయి.

బ్రిటన్ గణాంకాలు ఇప్పుడు విడిగా, పౌండ్లలో వస్తున్నాయి. వాటికి వార్షిక సగటు మారకపు రేటు సరిపోతుందా, నెలవారీగా మార్చాలా?